టెక్సాస్ పల్లె కౌంటీలో మీ పేరు మీద వారంట్ ఉందా? వెతికి తేల్చుకునే పద్ధతి

డాలస్ నుంచి హ్యూస్టన్‌కి ఐ-45 మీద దాదాపు 240 మైళ్ళు. ఇర్వింగ్, ఫ్రిస్కో వైపు ఉండే మనవాళ్ళలో పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడికో, హ్యూస్టన్‌లో చుట్టాలింటికో ఈ దారిన వెళ్ళనివాళ్ళు తక్కువ. మధ్యలో నవారో, ఫ్రీస్టోన్, లియోన్, మాడిసన్, వాకర్ కౌంటీలు వస్తాయి. మాడిసన్‌విల్ బకీస్ పెట్రోల్ బంకు దగ్గర ఆగడం తప్ప ఆ ఊళ్ళతో మనకి పనుండదు. స్పీడింగ్ టికెట్ చేతికొచ్చినప్పుడే ఆ కౌంటీ పేరు మొదటిసారి చదువుతాం.

టికెట్‌ని కార్లో ఎక్కడో పడేస్తారు. ఈలోగా అపార్ట్‌మెంట్ మారతారు. కోర్టు పంపిన ఉత్తరం పాత అడ్రస్‌కి పోతుంది. ఏడాది తర్వాత లైసెన్స్ రెన్యువల్‌కి వెళ్తే, మీ పేరు మీద హోల్డ్ ఉంది, కుదరదు అంటారు. అక్కడ మొదలవుతుంది టెన్షన్: వారంట్ కూడా ఉందా, ఉంటే ఎక్కడ ఉంది, ఎవర్ని అడగాలి?

చాలామంది వెంటనే గూగుల్‌లో తమ పేరు, కౌంటీ పేరు కలిపి వారంట్ సెర్చ్ అని కొడతారు. పైన వచ్చేవి దాదాపు అన్నీ డబ్బు గుంజే ప్రైవేటు సైట్లే. 'మీ పేరు మీద రికార్డులు దొరికాయి' అని ఎర్ర అక్షరాలతో భయపెట్టి, కార్డు నంబరు అడుగుతాయి. నిజానికి మామూలు జనం చూసుకోగలిగిన రాష్ట్రవ్యాప్త వారంట్ జాబితా టెక్సాస్‌లో లేదు. పోలీసులు వాడే టీసీఐసీ, ఎన్‌సీఐసీ డేటాబేస్‌లు మనకి తెరవరు. ఇండియాలో ఈకోర్ట్స్ సైట్‌లో సీఎన్‌ఆర్ అనే కేసు నంబరు కొడితే నర్సీపట్నం కేసైనా నిర్మల్ కేసైనా ఒకే చోట కనిపిస్తుంది. ఆ అలవాటుతో ఇక్కడ వెతికితే ఏమీ దొరకదు. 254 కౌంటీలు, ఎవరి కాగితం వాళ్ళ దగ్గరే. అందుకని పేరుతో కాదు, కోర్టుతో మొదలుపెట్టాలి. కాగితం ఏ క్లర్కు బల్ల మీద ఉందో తేలితే, మిగతాది ఒక్క ఫోన్ కాల్ పని.

కింద చెప్పేదంతా లియోన్ కౌంటీని ఉదాహరణగా తీసుకుని చెబుతాను. ఐ-45 మీద డాలస్‌కీ హ్యూస్టన్‌కీ దాదాపు మధ్యలో ఉంటుంది. ముఖ్య పట్టణం సెంటర్‌విల్, కౌంటీ మొత్తం జనాభా దాదాపు పదహారు వేలు. మిగతా పల్లె కౌంటీల్లో కూడా పద్ధతి ఇంతే.

ముందు కోర్టు ఏదో తేల్చుకోండి

మిమ్మల్ని ఆపింది ఎవరో గుర్తు తెచ్చుకోండి. టౌన్ పోలీసు ఆపితే టికెట్ ఆ ఊరి మున్సిపల్ కోర్టుకి పోతుంది. లియోన్ కౌంటీలో బఫెలో లాంటి చిన్న ఊళ్ళున్నాయి. హైవే ఊరి పొలిమేరలో నుంచి పోయే ఆ కొద్ది మైళ్ళలో ఆపింది ఊరి పోలీసే కావచ్చు. డీపీఎస్ ట్రూపర్, అంటే రాష్ట్ర హైవే పోలీసు ఆపినా, షెరిఫ్ డెప్యూటీ ఆపినా టికెట్ జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకి వెళ్తుంది. అందరూ జేపీ కోర్టు అంటారు. చాలా కౌంటీలని ప్రిసింక్టులుగా విడగొట్టి ఉంటారు కాబట్టి ఒకే కౌంటీలో ఒకటి కంటే ఎక్కువ జేపీ కోర్టులు ఉండొచ్చు. ఏ ప్రిసింక్టో టికెట్ మీదే రాసి ఉంటుంది. జేపీ జడ్జి లాయరే అయి ఉండాలన్న నియమం టెక్సాస్‌లో లేదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, పల్లె కౌంటీల్లో చాలామంది జేపీలు లా చదవనివాళ్ళే.

మున్సిపల్, జేపీ కోర్టులు చూసేవి క్లాస్ సీ కేసులు: జైలు శిక్ష లేని, ఫైన్ మాత్రమే పడే నేరాలు. స్పీడింగ్, ఇన్స్యూరెన్స్ లేకుండా నడపడం, లైసెన్స్ లేకపోవడం ఇందులోకి వస్తాయి. జైలు పడే అవకాశం ఉన్న క్లాస్ బీ, క్లాస్ ఏ కేసులు కౌంటీ కోర్టుకి వెళ్తాయి, వాటి కాగితాలు కౌంటీ క్లర్కు దగ్గర ఉంటాయి. మొదటిసారి తాగి నడిపి దొరికితే మామూలుగా క్లాస్ బీ. 180 రోజుల వరకు జైలు, 2,000 డాలర్ల వరకు ఫైన్. అంతకంటే పెద్దవి, అంటే ఫెలొనీలు, డిస్ట్రిక్ట్ కోర్టువి. వాటి కాగితాలు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర. విడాకుల కేసుల కాగితాలు కూడా అక్కడే ఉంటాయి కాబట్టి, అమెరికా సంబంధం చూసేటప్పుడు ఈ రెండు ఆఫీసుల రికార్డులు వెతికించే పెద్దవాళ్ళు ఈమధ్య పెరిగారు. అందులో తప్పు లేదు, అవి పబ్లిక్ రికార్డులే. కాకపోతే ఒకే పేరున్నవాళ్ళు పదిమంది ఉంటారు. పుట్టిన తేదీ సరిపోలకుండా ఏ నిర్ణయానికీ రాకండి.

ఎనిమిది వేల కంటే తక్కువ జనాభా ఉన్న కౌంటీల్లో ఈ రెండు క్లర్కు పదవుల్నీ ఒకరికే ఇవ్వడానికి రాష్ట్ర రాజ్యాంగం ఒప్పుకుంటుంది. 2020 జనాభా లెక్కల్లో 64 మంది మాత్రమే తేలిన లవింగ్ కౌంటీ లాంటి చోట రెండు ఆఫీసులు పెట్టడంలో అర్థం లేదు కదా.

టికెట్ పోయిందా?

కంగారేం లేదు. ఏ రోజు, ఏ కౌంటీలో, ఎవరు ఆపారో తెలిస్తే చాలు. కౌంటీ పేరు గుర్తు లేకపోతే ఫోన్లో ఆ రోజు గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ చూడండి. ఏ ఊరి దగ్గర ఆగి ఉన్నారో అది చెబుతుంది.

తర్వాత టెక్సాస్ కోర్టుల పాలనా విభాగం సైట్‌లో జ్యుడీషియల్ డైరెక్టరీ తెరవండి. కౌంటీ పేరు కొడితే అక్కడున్న ప్రతి కోర్టు, ప్రతి క్లర్కు, అడ్రస్, ఫోన్ నంబరు వస్తాయి. గూగుల్‌లో దొరికే నంబర్ల కంటే దీన్నే నమ్మండి. ఒక్కో జేపీ కోర్టుకి విడివిడిగా ఫోన్ చేసి అడిగినా పెద్ద పనేం కాదు. క్లర్కే మాది కాదు, పక్క ప్రిసింక్టు వాళ్ళని అడగండి అని చెబుతారు.

ఆన్‌లైన్‌లో ఎంతవరకు దొరుకుతుంది

లైసెన్స్ హోల్డ్ సంగతి ముందు చూసుకోండి. కోర్టుకి రానివాళ్ళ, ఫైన్ కట్టనివాళ్ళ పేర్లని కోర్టులు ఆమ్నిబేస్ అనే వ్యవస్థ ద్వారా డీపీఎస్‌కి పంపుతాయి; లైసెన్సులిచ్చేది కూడా ఆ శాఖే. టెక్సాస్ ఫెయిల్యూర్ టు అపియర్ అనే సైట్‌లో లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ కొడితే ఏ కోర్టు హోల్డ్ పెట్టిందో, ఆ కోర్టు ఫోన్ నంబరేమిటో కనిపిస్తుంది. టికెట్ పోగొట్టుకున్నవాళ్ళకి ఇంతకంటే తేలిక దారి లేదు. అయితే దీన్ని రెండు రకాలుగా తప్పుగా అర్థం చేసుకుంటారు. హోల్డ్ వేరు, వారంట్ వేరు. హోల్డ్ ఉన్నంత మాత్రాన వారంట్ ఉన్నట్టు కాదు. అలాగే అన్ని కోర్టులూ ఈ వ్యవస్థలో లేవు కాబట్టి అక్కడ ఏమీ లేదంటే వారంట్ లేదని కూడా కాదు.

ఎఫ్-1, హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ఈ హోల్డ్ త్వరగా తగులుతుంది. వాళ్ళ లైసెన్స్ వీసా గడువుకి ముడిపడి ఉంటుంది. పౌరుల్లాగా ఏళ్ళ తరబడి రెన్యువల్ అవసరం లేకుండా గడవదు. స్టేటస్ పొడిగించుకున్నప్పుడల్లా డీపీఎస్ ఆఫీసు మెట్లెక్కాల్సిందే.

రెండోది కౌంటీ సొంత సైట్. చాలా చిన్న కౌంటీల సైట్లు పాతకాలపు రూపంలో ఉంటాయి. అందులో క్లర్కుల పేజీలు, జేపీల పేజీలు, షెరిఫ్ పేజీ వెతకండి. కొన్ని కౌంటీలు టైలర్ కంపెనీ పోర్టల్‌నో, ఐడాకెట్‌నో వాడి కేసుల సూచిక ఆన్‌లైన్‌లో పెడతాయి. కొన్నిచోట్ల ఫైన్ కట్టే పేజీ తప్ప ఇంకేమీ ఉండదు. కొందరు షెరిఫ్‌లు జైల్లో ఉన్నవాళ్ళ జాబితా పెడతారు. అది ఇప్పటికే పట్టుకున్నవాళ్ళ జాబితా, వారంట్ల జాబితా కాదు.

మూడోది రీసెర్చ్‌టీఎక్స్. రాష్ట్రం మొత్తం మీద ఈ-ఫైలింగ్ ద్వారా వచ్చిన కేసులు ఇందులో వెతకొచ్చు, ఖాతా ఉచితం. భూమి తగాదా, అప్పు దావా, కుటుంబ కేసు లాంటి వాటికి పనికొస్తుంది. మీ స్పీడింగ్ టికెట్ మాత్రం ఇందులో దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

డీపీఎస్ సొంతంగా నేరచరిత్ర సెర్చ్ నడుపుతుంది, క్రెడిట్లు కొనుక్కుని వాడాలి. శిక్షలు, డిఫర్డ్ అడ్జుడికేషన్లు (దోషి అని తేల్చకుండా షరతుల మీద వాయిదా వేసిన కేసులు) అందులో ఉంటాయి గానీ క్లాస్ సీ టికెట్లు, పెండింగ్ వారంట్లు వెతకడానికి అది చోటు కాదు. ఫెడరల్ కోర్టు కేసైతే పేసర్ అనే సైట్: పేజీకి పది సెంట్లు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే బిల్లే రాదు.

వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి పని ఇంకొంచెం తేలిక కావచ్చు. విస్కాన్సిన్‌లో 72 కౌంటీల సర్క్యూట్ కోర్టు కేసులన్నీ ఒకే సైట్‌లో ఉంటాయి. మిస్సోరీకి కేస్‌నెట్ ఉంది. ఓక్లహోమాలో రెండు సైట్లు చూడాలి, ఓఎస్‌సీఎన్ ఒకటి, ఓడీసీఆర్ ఒకటి.

మన పేర్లతో వచ్చే చిక్కు

ఆన్‌లైన్‌లో వెతికి ఏమీ లేదని ఊపిరి పీల్చుకునేవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ట్రూపర్ రోడ్డు పక్కన నిలబడి లైసెన్స్ చూసి ఎక్కించిన పేరు వేరు, మీరు సెర్చ్‌లో కొట్టే పేరు వేరు.

ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు వల్ల పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ తారుమారైనవాళ్ళు మనలో చాలామంది. లైసెన్స్ కూడా అలాగే వస్తుంది. కాబట్టి రెండు వరసల్లోనూ వెతకండి. ఇంటిపేరుని 'కె' అనో 'వి' అనో ఒక్క అక్షరంతో నడిపించేవాళ్ళు ఆ అక్షరంతో కూడా చూడాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్ళకి అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వేసి, పేరంతా సర్‌నేమ్‌లోకి నెడతారు. కోర్టు రికార్డులో వాళ్ళ మొదటి పేరు అక్షరాలా ఎఫ్‌ఎన్‌యూ అనే ఉండొచ్చు. వెంకట సత్య నాగ లక్ష్మి లాంటి నాలుగు ముక్కల పేరుని పాత సాఫ్ట్‌వేర్ మధ్యలోనే నరికేస్తుంది. అందుకే మొత్తం పేరు కొట్టకండి. ఇంటిపేరులో మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి, వచ్చిన జాబితాలో పుట్టిన తేదీ చూసి పట్టుకోండి. లక్ష్మిలో ఎక్స్ ఉందా కేఎస్‌హెచ్ ఉందా, చౌదరిలో డబ్ల్యూ ఉందా యూ ఉందా అన్నది లైసెన్స్ చూసి నిర్ధారించుకోండి. పెళ్ళయ్యాక పేరు మార్చుకున్న ఆడవాళ్ళు పాత పేరుతో కూడా వెతకాలి.

పుట్టిన తేదీ అమెరికాలో నెల ముందు. జులై 4 పుట్టినవాళ్ళు ఇండియా అలవాటులో 04/07 అని కొడితే ఏప్రిల్ 7 అవుతుంది, రికార్డు దొరకదు. ఫోన్లో చెప్పేటప్పుడు నెలని అంకెతో కాక పేరుతో చెప్పండి.

ఇంకొకటి. పల్లె కోర్టుల్లో టికెట్‌ని చేత్తో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. నిన్న పడ్డ టికెట్ ఇవాళ కనిపించకపోతే కేసు లేనట్టు కాదు. వారం తర్వాత మళ్ళీ చూడండి.

ఫోన్ చెయ్యడం

పల్లె కౌంటీలో అసలు పని జరిగేది ఫోన్ మీదే. ఇద్దరో ముగ్గురో పనిచేసే ఆఫీసు అది. మధ్యాహ్నం భోజనానికి మూసేస్తారు, కోర్టు జరిగే రోజు ఫోన్ ఎత్తకపోవచ్చు. పొద్దున్నే చెయ్యండి. మర్యాదగా మాట్లాడితే హ్యూస్టన్ నగరంలో దొరకనంత సాయం ఇక్కడ దొరుకుతుంది. క్లర్కు స్వయంగా ఫైల్ తీసి చదివి వినిపిస్తారు.

లైసెన్స్ మీద ఉన్నట్టుగా పేరు, పుట్టిన తేదీ, ఎనిమిది అంకెల టెక్సాస్ లైసెన్స్ నంబరు, ఉంటే టికెట్ నంబరు దగ్గర పెట్టుకోండి. నా పేరు మీద ఏమైనా కేసు ఓపెన్‌గా ఉందా, దాని నంబరేమిటి అని అడగండి. వారంట్ జారీ అయిందా, అయితే ఏ రకం, ఎంత కట్టాలి, జడ్జి ముందుకి రావడానికి తేదీ ఇస్తారా అన్నవి తర్వాత. చివరగా, మీ ఫైల్లో నా అడ్రస్ ఏమని ఉంది అని తప్పకుండా అడిగి మార్పించండి. ఇల్లు మారిన 30 రోజుల్లో డీపీఎస్‌కి కూడా చెప్పాలని చట్టం. సెమిస్టర్‌కో ఇల్లు మారే పిల్లల్లో ఆ పని చేసేవాళ్ళు అరుదు, వారంట్లలో సగం గొడవ అక్కడే పుడుతుంది అనిపిస్తుంది నాకు.

చెప్పకూడనిదీ ఒకటుంది. ఎంత స్పీడ్‌లో వెళ్తున్నారో, ఎందుకు వెళ్ళారో క్లర్కుకి వివరించకండి. వాళ్ళు లీగల్ సలహా ఇవ్వలేరు, మీరు చెప్పిన కథ కేసుకి ఉపయోగపడదు.

క్లాస్ సీ టికెట్ గురించి జేపీ క్లర్కుని ఫోన్లో అడిగితే పోలీసులు ఇంటికి రారు. కానీ విషయం క్లాస్ బీ గానీ, అంతకంటే పెద్దది గానీ అని అనుమానం ఉంటే మీరు ఫోన్ చెయ్యకండి, లాయర్ చేత చేయించండి. షెరిఫ్ ఆఫీసుకి నేరుగా వెళ్ళి నా మీద వారంట్ ఉందా అని అడిగితే, ఉన్న పక్షంలో అక్కడే లోపల వేస్తారు. అది వాళ్ళ ఉద్యోగం.

ఏ రకం వారంట్

తీర్పు రాకముందు, కోర్టుకి రానందుకు ఇచ్చేదాన్ని ఏలియస్ వారంట్ అంటారు. అసలు టికెట్‌తో పాటు కోర్టుకి హాజరు కానందుకు ఇంకో కేసు కూడా చేరొచ్చు. తీర్పయ్యాక ఫైన్ కట్టనందుకు ఇచ్చేది కేపియస్ ప్రో ఫైన్. ఈ రెండో రకంలో కేసు అయిపోయినట్టే. ఇక పోట్లాడేది ఉండదు, కట్టే పద్ధతి మాట్లాడుకోవడమే. మొదటి రకంలో తప్పు ఒప్పుకోకుండా విచారణ అడిగే దారి ఇంకా ఉంటుంది. అందుకే ఫోన్లో రకం అడగమన్నాను.

టెక్సాస్‌లో ఈ వారంట్లకి గడువు తీరడమంటూ లేదు. జడ్జి రద్దు చేసేదాకా ఉంటుంది. ప్రతి ఏడూ ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో వందల కోర్టులు, పోలీసు విభాగాలు కలిసి వారంట్ రౌండప్ నడుపుతాయి. ముందు పోస్టుకార్డులు పంపుతారు, తర్వాత ఇంటికీ ఆఫీసుకీ వస్తారు. ఆ కార్డు కూడా పాత అడ్రస్‌కే పోతుంది, వేరే చెప్పాలా.

ఉందని తేలితే

2017లో టెక్సాస్ చట్టంలో మంచి మార్పు ఒకటి తెచ్చారు. కోర్టుకి రానందుకు వారంట్ ఉన్న మనిషి, పోలీసులు పట్టుకోకముందే తనంతట తాను వచ్చి, విషయాన్ని తేల్చుకోవడానికి నిజాయితీగా ప్రయత్నిస్తే జడ్జి ఆ వారంట్‌ని వెనక్కి తీసుకోవాలి. తీసుకోవచ్చు అని కాదు, తీసుకోవాలి. ఫైన్ కట్టే స్తోమత లేకపోతే వాయిదాల్లో కట్టడం, సమాజ సేవ, కొంత మాఫీ వంటివి అడగొచ్చు. స్టూడెంట్లు సిగ్గుపడి ఇది అడగరు.

ఆన్‌లైన్‌లో పే నౌ బటన్ కనిపించగానే నొక్కేసి హమ్మయ్య అనుకోకండి. టికెట్ సొమ్ము కడితే, నేరాన్ని కాదనలేదని కోర్టు రాసుకుని శిక్ష నమోదు చేస్తుంది. కరెంటు బిల్లు కాదది. ముందు డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు గానీ, డిఫర్డ్ డిస్పోజిషన్ గానీ కుదురుతుందేమో అడగండి. అవి పూర్తిచేస్తే కేసు కొట్టేస్తారు. కోర్సు అడగడానికి టికెట్ మీద రాసిన తేదీ దాటకూడదు, టెక్సాస్ లైసెన్స్ ఉండాలి, గత 12 నెలల్లో ఇంకో టికెట్‌కి వాడుకుని ఉండకూడదు. పరిమితికి 25 మైళ్ళు లేదా అంతకు మించి వెళ్ళినా, 95 మైళ్ళు అందుకున్నా కోర్సు దక్కదు. తేదీ దాటాక జడ్జి దయ మీద ఆధారపడాలి.

ఆలస్యం ఖరీదు కూడా చూడండి. వారంట్‌కి 50 డాలర్లు, ఆమ్నిబేస్‌కి 10, బాకీ 60 రోజులు దాటి వసూలు ఏజెన్సీకి పోతే మొత్తం మీద 30 శాతం అదనం. అవన్నీ కలిస్తే, చిన్న కేసులకి లాయర్లు తీసుకునే ఫీజు అంత ఎక్కువ అనిపించదు. లాయర్ బాండ్ పెట్టి వారంట్ తీయించి, సెంటర్‌విల్ దాకా మీ బదులు తనే వెళ్ళొచ్చు కూడా. ఊళ్ళో ప్రాక్టీసు ఉన్న లాయర్‌ని పెట్టుకోండి; డాలస్ లాయర్‌కి జేపీ ముఖం తెలియదు.

డబ్బు కట్టాక రసీదుతో సరిపెట్టుకోకుండా, వారం పది రోజుల తర్వాత మళ్ళీ ఫోన్ చేసి వారంట్ రద్దయిందా, హోల్డ్ తీశారా అని అడగండి. తీసే పని రెండు వేర్వేరు చోట్ల జరగాలి, ఒకటి జరిగి ఇంకోటి ఆగిపోవడం కొత్త కాదు. అంతవరకు రసీదు కాపీ కార్లో ఉంచుకోండి.

దొంగ ఫోన్లు

షెరిఫ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, జ్యూరీ డ్యూటీకి రాలేదు, వారంట్ ఉంది, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చదవండి అని ఎవరైనా చేస్తే పెట్టెయ్యండి. ఏ కోర్టూ గిఫ్ట్ కార్డులు తీసుకోదు. పౌరులు కానివాళ్ళు జ్యూరీలో కూర్చోవడానికే అర్హులు కారు. కానీ ఇక్కడో మెలిక ఉంది: జ్యూరీ పిలుపులు లైసెన్స్ జాబితా నుంచి కూడా తీస్తారు కాబట్టి హెచ్-1బీ వాళ్ళకీ నిజమైన జ్యూరీ ఉత్తరం రావచ్చు. దాన్ని చెత్తబుట్టలో వెయ్యకుండా, పౌరుణ్ణి కాదు అన్న గడిలో టిక్ పెట్టి తిప్పి పంపాలి. ఫోన్ నిజమా దొంగా తేలకపోతే, కాల్ పెట్టేసి, డైరెక్టరీలో ఉన్న నంబరుకి మీరే చెయ్యండి.

కాపీలు తీసుకోవడం

సమాచార హక్కు లాంటి టెక్సాస్ చట్టం కోర్టులకి వర్తించదు, షెరిఫ్‌కి వర్తిస్తుంది. కోర్టు కాగితం కావాలంటే క్లర్కుకి కేసు నంబరు, పేరు, ఏ కాగితం కావాలో రాసి ఇవ్వాలి. పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ తీసుకునే ఆఫీసులు ఉన్నాయి. మామూలు కాపీ సాధారణంగా పేజీకి డాలర్, ముద్ర వేసిన సర్టిఫైడ్ కాపీకి దానిపైన కొంత. షెరిఫ్ దగ్గరి రిపోర్టు కావాలంటే లిఖితపూర్వకంగా అడగండి. విచారణలో ఉన్న కేసు అని కొంత దాచొచ్చు గానీ, ఎవర్ని ఎప్పుడు ఎందుకు పట్టుకున్నారన్న ప్రాథమిక సమాచారం ఇవ్వాల్సిందే. అరెస్ట్ వారంట్, దానికి ఆధారమైన అఫిడవిట్ అమలయ్యాకే పబ్లిక్ అవుతాయి. మైనర్ల కేసులు, కోర్టు సీల్ చేసినవి దొరకవు.

క్లాస్ సీ టికెట్‌కైనా ముగింపు కాగితం, అంటే తీర్పు గానీ కొట్టేసిన ఉత్తర్వు గానీ సర్టిఫైడ్ కాపీ రెండు తీసి పెట్టుకోవాలని వీసా మీద ఉన్న ప్రతి ఒక్కరికీ చెబుతాను. 2025 ఏప్రిల్‌లో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డుల్ని (వాళ్ళ స్టేటస్ నమోదయ్యే ప్రభుత్వ డేటాబేస్) ప్రభుత్వం రద్దు చేసింది. పోలీసు డేటాబేస్‌లో పేరు తగలడమే ఆధారం. ట్రాఫిక్ కేసులవాళ్ళు, కేసు కొట్టేసినవాళ్ళు కూడా అందులో చిక్కుకున్నారు. కోర్టుల్లో సవాలు చేశాక ఆ నెలాఖరుకి రికార్డుల్ని తిరిగి నిలబెట్టడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో లాయర్లు మొదట అడిగింది ఈ కాగితమే. పల్లె కోర్టులు పాత ఫైళ్ళని నిర్ణీత కాలం తర్వాత తీసేస్తాయి కాబట్టి గ్రీన్‌కార్డు దాకా ఆగి అడిగితే దొరకకపోవచ్చు. అప్పుడు రికార్డు లేదని క్లర్కు సంతకంతో ఒక ఉత్తరమైనా తీసుకోండి.

వీసా కోసం నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. టికెట్ పడటం అరెస్టు కాదు. ఆ టికెట్ వారంటై, మిమ్మల్ని పట్టుకెళ్ళి జైల్లో వేలిముద్రలు తీసుకుంటే అది అరెస్టే, జవాబు అవును అని రాయాల్సిందే. డిఫర్డ్ అడ్జుడికేషన్‌తో బయటపడిన పెద్ద కేసుల్ని టెక్సాస్ శిక్షగా చూడకపోయినా ఇమిగ్రేషన్ చట్టం శిక్షగానే లెక్కేస్తుంది. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించండి. రికార్డు చెరిపించుకునే ఎక్స్‌పంక్షన్‌కి వెళ్ళేవాళ్ళు అంతకుముందే సర్టిఫైడ్ కాపీలు తీసి భద్రం చేసుకోవాలి. పౌరసత్వ దరఖాస్తులో చెరిపేసిన కేసు గురించి కూడా అడుగుతారు, అప్పటికి కోర్టులో చూపించడానికి కాగితం మిగలదు.